కాన్సర్టో పాఠాలు – 4: ఆర్కెస్ట్రాతో తొలి రిహార్సల్‌కి ముందు మూడు వారాలు

ఈ పాఠానికి వచ్చేసరికి మొజార్ట్ మూడో వయొలిన్ కాన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వయొలిన్ ముందుండి వాయించే కృతి; జీ మేజర్, జాబితా సంఖ్య కె. 216) మొదటి భాగాన్ని మీరు పియానో తోడుగా, కాగితం చూడకుండా, ఎక్కడా ఆగకుండా వాయించగలుగుతూ ఉండాలి. ఇంకా అక్కడికి రాకపోతే తొందరపడకండి, మూడో పాఠంలోనే మరో రెండు వారాలు ఉండండి. ఇక్కడి నుంచి వేళ్ల పని తక్కువ. చెవులకూ కళ్లకూ పని ఎక్కువ.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో మన పిల్లలు యువ కళాకారుల పోటీలో గెలిచి సోలో వాయించేది ఎక్కువగా ఊరి ఆర్కెస్ట్రాలతోనే. ఇవి వారానికి ఒక సాయంత్రం రెండు, రెండున్నర గంటలు కలుస్తాయి. టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, రిటైరైనవాళ్లు పగలు పని ముగించుకుని వాద్యాలు పట్టుకుని వస్తారు. సోలోయిస్టుకు దక్కేవి సాధారణంగా ఒకటో రెండో రిహార్సళ్లు, ఆపైన ఒక డ్రెస్ రిహార్సల్ (కచేరీలాగే పూర్తిగా వాయించే చివరి సాధన). ఒక్కోసారి మీకిచ్చే సమయం అరగంట. మొదటి భాగం నిడివే తొమ్మిది, పది నిమిషాలు. అంటే ఒకసారి పూర్తిగా వాయించి, మూడు నాలుగు చోట్లు సరిదిద్దుకోవడానికి మాత్రమే వ్యవధి ఉంటుంది. ఆ చోట్లు ఏవో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లాలి.

కర్ణాటక కచేరీ వింటూ పెరిగిన పిల్లలకు ఒక తేడా ముందుగా చెప్పాలి. కచేరీలో గాయకుడు ఎటు మళ్లితే వయొలిన్, మృదంగం అటే మళ్లుతాయి. ముగ్గురూ చేయి చాస్తే అందేంత దూరంలో కూర్చుంటారు. ఇక్కడ నలభై మంది చూసేది కండక్టర్ చేతిలోని కర్రను. కండక్టర్ చూసేది మిమ్మల్ని. మీ మనసులో మాట కర్ర దాకా వెళ్లి, అక్కడి నుంచి వాళ్లకు చేరాలి. కాబట్టి మీరు చేయబోయే ప్రతిదీ వినబడే లోపే కనబడాలి. ఈ పాఠంలోని అభ్యాసాలన్నీ ఆ ఒక్క అలవాటు కోసమే.

మొదటి వారం: స్కోర్

మీ దగ్గరున్నది సోలో పార్టు, పియానో పార్టు. ఈ వారం పూర్తి స్కోర్ (అన్ని వాద్యాల గీతలూ ఒకే చోట ఉన్న ప్రతి) కావాలి. ఐఎంఎస్ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ కాన్సర్టోకు మొజార్ట్ వాడిన ఆర్కెస్ట్రా చిన్నది: రెండు ఓబోలు, రెండు హార్న్‌లు, తీగవాద్యాలు. రోజుకొకసారి చొప్పున మూడు రోజులు స్కోర్ ముందు పెట్టుకుని రికార్డింగ్ వినండి. మొదటి రోజు చూపు మొదటి వయొలిన్ల గీత మీదే ఉండాలి, రెండో రోజు అడుగున బేస్‌ల గీత మీద, మూడో రోజు ఓబోలూ హార్న్‌ల మీద. సోలో గీత చూడవద్దు, అది మీకు వచ్చు.

నాలుగో రోజు పెన్సిల్ తీసుకుని మీ పార్టులో విరామం ఉన్న ప్రతిచోటా అప్పుడు ఎవరు ఏం వాయిస్తున్నారో రాయండి. ‘ఓబో పైకి’, ‘బేస్ ఒక్కటే’ లాంటి రెండు మాటలు చాలు. విరామంలో అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడే పిల్లలు ఒక్క అంకె తప్పితే దారి తప్పుతారు. ఓబో ఏం పలుకుతుందో తెలిసినవాళ్లకు ఆ భయం ఉండదు.

ఈ పని చేస్తున్నప్పుడే ఎడిషన్ సంగతి చూడండి. మీ సోలో పార్టు ఒక ప్రచురణకర్తది, ఆర్కెస్ట్రా పార్టులు ఇంకొకరివి కావడం చాలా మామూలు. రిహార్సల్‌లో చోట్లు గుర్తుపట్టడానికి పార్టుల్లో అక్షరాలు వేస్తారు. మీ పార్టులో ‘డి’ అనే అక్షరం ఒక చోట ఉంటే, వాళ్ల పార్టుల్లో అదే అక్షరం మరో చోట ఉంటుంది. కండక్టర్ “డి నుంచి” అనగానే నలభై మంది ఒక చోట, మీరొక్కరే ఇంకో చోట మొదలవుతారు. ఆర్కెస్ట్రా లైబ్రేరియన్‌ని అడిగి వాళ్ల ఎడిషన్ ఏదో తెలుసుకుని, అందులోని అక్షరాలూ బార్ (తాళంలో ఆవర్తం లాంటి కొలత) నంబర్లూ మీ పార్టులోకి ఎక్కించుకోండి. గంట పని. రిహార్సల్‌లో దీనివల్ల మిగిలే పది నిమిషాలు చాలా విలువైనవి.

ముప్పై ఏడు బార్లు

సోలో వయొలిన్ ప్రవేశించేది 38వ బార్‌లో. అంతకుముందు 37 బార్లు ఆర్కెస్ట్రా ఒక్కటే వాయిస్తుంది. బార్‌కు నాలుగు దెబ్బలు; క్వార్టర్ నోట్ (ఒక దెబ్బ) నిమిషానికి 112 వేగంతో అది దాదాపు 79 సెకన్లు. ఇంట్లో పియానో తోడుతో సాధన చేసేవాళ్లు ఆఖరి రెండు బార్లే వాయించమని అడిగి లోపలికి వచ్చేస్తుంటారు. అందుకే తొలి రిహార్సల్‌లో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. చెయ్యి చల్లబడుతుంది, ఆత్రం పెరుగుతుంది, ఆర్కెస్ట్రా వాయించిన వేగం ఒకటైతే సోలో మొదలయ్యేది మరో వేగంతో అవుతుంది.

స్టాప్‌వాచ్‌తో దీన్ని పరీక్షించుకోవచ్చు. మెట్రోనోమ్‌ను (దెబ్బలు కొట్టి వేగం చూపే పరికరాన్ని) 112 దగ్గర నాలుగు బార్లు విని ఆపేయండి. స్టాప్‌వాచ్ నొక్కి, 37 బార్లనూ మనసులో పాడుకుంటూ వెళ్లి, 38వ బార్ మొదటి దెబ్బకు మళ్లీ నొక్కండి. 77 నుంచి 81 సెకన్ల మధ్య వస్తే బాగుంది. 72 వస్తే మీరు 123 వేగానికి చేరారన్నమాట. రోజుకు మూడుసార్లు చొప్పున పది రోజులు చేయండి. తర్వాత మెట్రోనోమ్ బార్‌కి ఒక్కసారే కొట్టేలా 28 దగ్గర పెట్టి వాయించండి. కీ ఇచ్చే పాత మెట్రోనోమ్‌లు 40 కంటే కిందికి దిగవు కాబట్టి ఫోన్ యాప్ వాడాలి. దెబ్బల మధ్య ఉన్న ఖాళీని మీరే మోయాలి. కాలప్రమాణం చేతిలోకి వచ్చేది అలాగే.

మీరు ఎత్తుకునే రాగం (ట్యూన్) ఆర్కెస్ట్రా మొట్టమొదట వాయించినదే. మొజార్ట్ దీన్ని తన ఒపేరా ‘ఇల్ రే పాస్తోరే’లోని పాట నుంచి తెచ్చుకున్నాడు. ఆ ఒపేరా 1775 ఏప్రిల్‌లో సాల్జ్‌బర్గ్‌లో జరిగింది, కాన్సర్టో అదే ఏడాది సెప్టెంబర్‌లో పూర్తయింది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. పాటగా పుట్టింది కనుక 38వ బార్‌కు ముందు గాయకుడు తీసుకునే ఊపిరి తీసుకోండి. కచ్చితంగా చెప్పాలంటే, 37వ బార్ నాలుగో దెబ్బ మీద, అదే వేగంలో, ముక్కుతో ఊపిరి పీలుస్తూ కమానుతో పాటు వయొలిన్ తలను కొంచెం పైకి లేపాలి. ఆ చిన్న కదలిక చూసే కండక్టర్ మీతో కలిసి దిగుతారు. అద్దం ముందు ఇరవైసార్లు చేయండి. నోట్ మోగే క్షణంలోనే కమాను కదిలిందంటే ఆలస్యమైనట్టే.

రెండో వారం: దూరం

పియానో మీట నొక్కగానే మోగుతుంది. ఆర్కెస్ట్రా అలా కాదు. కర్ర కిందికి వచ్చాక ఒక క్షణం ఆగి శబ్దం పుడుతుంది, పైగా దూరం నుంచి వస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. పది మీటర్ల వెనక ఉన్న హార్న్ మీ చెవికి చేరడానికి సెకనులో వందకు మూడు వంతులు పడుతుంది. మీ వేగంలో ఒక సిక్స్‌టీంత్ నోట్‌లో (దెబ్బలో నాలుగో వంతులో) అది దాదాపు ఐదో వంతు. హార్న్ వినబడ్డాక దానితో కలుద్దామని చూస్తే మీరు వెనకబడతారు, మిమ్మల్ని చూసి కర్ర వెనకబడుతుంది, కర్రను చూసి హార్న్‌లు ఇంకా వెనకబడతాయి. ఎవరూ తప్పు చేయకుండానే సంగీతం ఈడ్చుకుపోతుంది. కళ్లు కర్ర మీద, చెవులు పక్కనే ఉన్న మొదటి వయొలిన్ల మీద పెట్టుకోవాలి.

ఇంట్లో దీనికి సాధన ఉంది. సోలో లేని రికార్డింగ్‌ను స్పీకర్‌లో పెట్టి, దాన్ని హాలు అవతలి మూల ఐదారు మీటర్ల దూరాన ఉంచి, దానికి వీపు పెట్టి వాయించండి. మొదటి రెండు రోజులు విసుగ్గా ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేసి వింటే ఎక్కడ ఆగి ఎదురుచూస్తున్నారో తెలుస్తుంది.

నిలబడే చోటు కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి. వయొలిన్ సోలోయిస్టు కండక్టర్‌కూ మొదటి వయొలిన్లకూ మధ్య, ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడతారు. అప్పుడు కండక్టర్ మీ ఎడమ పక్కన, వయొలిన్ తల దిక్కుగా ఉంటారు. తల తిప్పకుండా కళ్లు ఎడమకు పంపితే కర్ర కనబడాలి. ఇంట్లో ఆ దిక్కున ఒక మ్యూజిక్ స్టాండు పెట్టుకుని, పదబంధం మారే ప్రతిచోటా దాన్ని చూడటం నేర్చుకోండి.

ముప్పావు సైజు వయొలిన్ వాయించే పిల్లల శబ్దం నిండు తీగవాద్యాల్లో మునిగిపోతుంది. ఎక్కువ నొక్కితే కమాను గీరుకుంటుంది తప్ప శబ్దం దూరం పోదు. సోలో ఉన్నచోట ముందు రెండు మూడు డెస్కులు (ఒక్కో స్టాండు పంచుకునే ఇద్దరిద్దరు) మాత్రమే వాయించేలా కండక్టర్‌ని కోరండి. చాలా చోట్ల ఉన్న పద్ధతే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

శ్రుతి గురించి రెండు మాటలు. అమెరికాలో ఎక్కువ ఆర్కెస్ట్రాలు ఓబో ఇచ్చే 440 హెర్ట్జ్ ‘ఎ’ స్వరానికి కలుపుకుంటాయి, కొన్ని 442కి. ముందే అడిగి, ఆ వారమంతా అదే శ్రుతిలో సాధన చేయండి. వేదిక దీపాల వేడికి మీ తీగలు కొంచెం దిగుతాయి, ఊదేవాళ్ల వాద్యాలు వేడెక్కి కొంచెం పెరుగుతాయి. 37 బార్ల వ్యవధిలో ఎడమచేతి వేలితో తీగలను మెల్లగా మీటి చూసుకోవచ్చు. కర్ణాటక సంగీతం కూడా నేర్చుకునే పిల్లలు ఒక్క వయొలిన్‌నే రెండింటికీ వాడుతుంటే, కచేరీకి ముందు వారం దాని శ్రుతి దించవద్దు. దించి మళ్లీ ఎక్కించిన తీగ ఒకటి రెండు రోజులు జారుతూనే ఉంటుంది.

మూడో వారం: కెడెన్జా నుంచి బయటికి రావడం

కెడెన్జా అంటే ఆర్కెస్ట్రా ఆగి ఉండగా సోలో ఒక్కటే వాయించే భాగం. తన వయొలిన్ కాన్సర్టోలకు మొజార్ట్ రాసిన కెడెన్జాలేవీ మనకు దొరకలేదు. విద్యార్థులు ఎక్కువగా వాయించేది సామ్ ఫ్రాంకో రాసినది. మీరు ఏది వాయించినా కండక్టర్‌కు ముఖ్యం దాని ఆఖరి రెండు బార్లు. దాదాపు నిమిషం పాటు ఆర్కెస్ట్రా వాద్యాలు దించి కూర్చుంటుంది. వాళ్లకు వాద్యం ఎత్తి, ఊపిరి తీసుకునేంత వ్యవధి కావాలి.

తని ఆవర్తనం (కచేరీలో లయ వాద్యాలు మాత్రమే వాయించే భాగం) చివర మృదంగ విద్వాంసుడు ముక్తాయింపును మూడుసార్లు వేసేది ఇందుకే కదా. మొదటిది వినగానే గాయకుడు సర్దుకుంటాడు, మూడోది ముగిసేసరికి పల్లవి ఎత్తుకుంటాడు. కెడెన్జాలో ఆ పని చేసేది చివరి ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి వాయించడం). ‘ఎ’ మీద ట్రిల్ మొదలవగానే కండక్టర్ చేతులు లేస్తాయి, అది ‘జీ’ మీద దిగగానే అందరూ పడాలి. ట్రిల్ కనీసం నాలుగు దెబ్బల పొడవుండాలి. మొదటి రెండు దెబ్బలు కాస్త నింపాదిగా, తర్వాత వేగంగా, చివరి మలుపు (ట్రిల్‌ను ముగించే చిన్న స్వరాలు) మాత్రం రాబోయే ఆర్కెస్ట్రా కాలప్రమాణంలోనే. ఆ మలుపు చూసే కండక్టర్ వేగం అందుకుంటారు. ఉద్రేకంలో మలుపును రెట్టింపు వేగంతో తిప్పేస్తే ఓబోలు ఒకప్పుడు, బేస్‌లు ఒకప్పుడు పడతాయి.

ఇక్కడ జరిగే మరో ప్రమాదం కమాను అయిపోవడం. ట్రిల్‌కి ముందు నోట్‌లోనే కమాను సగానికి పైగా ఖర్చు పెట్టేసి, ఆపైన ట్రిల్‌ని కుదించేస్తారు. ముందు నోట్‌లో మూడో వంతు మించి వాడవద్దు. అయినా చాలదనిపిస్తే ట్రిల్ మధ్యలో ఒత్తు పడకుండా కమాను తిప్పండి. ఆ తిప్పడం విడిగా సాధన చేసి ఉంచుకోండి.

ఇక మరపు. మొదటి భాగంలో ఎనిమిది నుంచి పది చోట్లను ఎంచుకుని, వాటి బార్ నంబర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. 38 తప్పకుండా ఉండాలి, తొలి రాగం తిరిగి వచ్చే చోటు, కెడెన్జా ముందు చోటు కూడా. రోజూ ఒక చీటీ తీసి అక్కడి నుంచి వెంటనే వాయించండి. వేదిక మీద దారి తప్పితే ఆర్కెస్ట్రా ఆగదు, మీరు తర్వాతి చీటీ దగ్గర ఎక్కాలి. వెనక్కి వెళ్లి సరిచేసుకోవాలనే అలవాటు పియానోతో సాధన చేసేటప్పుడు పెరుగుతుంది, దాన్ని ఈ వారమే మాన్పించాలి.

రిహార్సల్‌కి రెండు రోజుల ముందు కండక్టర్‌కు ఒక్క కాగితం పంపండి. ఇంతకు మించి అక్కర్లేదు:

“మొదటి భాగం. వేగం 112. సోలో ప్రవేశం బార్ 38, ముందు దెబ్బ మీద ఊపిరి. తొలి రాగం తిరిగి రావడానికి ముందు నెమ్మదిస్తాను. కెడెన్జా ఫ్రాంకో, కుదించినది, దాదాపు ఒక నిమిషం. చివరి రెండు బార్లు కింద రాశాను.”

రిహార్సల్‌లో ఏదైనా కుదరకపోతే పక్కవాళ్లతో నేరుగా చెప్పకండి. కండక్టర్‌తో, బార్ నంబర్‌తో చెప్పండి.

మూడు భాగాలూ వాయించే అవకాశం వచ్చినవాళ్లకు మరికొంత. రెండో భాగంలో ఓబోల బదులు ఫ్లూట్లు వస్తాయి, వయొలిన్లకు మ్యూట్ (శబ్దాన్ని మెత్తబరిచే చిన్న బిళ్ల) పెడతారు, అడుగున చెల్లోలూ బేస్‌లూ వేలితో మీటుతాయి. మీటిన నోట్ సాగదు కాబట్టి మీరు సాగదీసినంతా వాళ్లకు ఖాళీగా మిగులుతుంది. స్వేచ్ఛ తీసుకుంటే బార్ లోపలే తీసుకుని, తర్వాతి బార్ మొదటి దెబ్బకు తిరిగి చేరండి. మూడో భాగంలో 3/8 నడక మధ్యలో ఆగి, జీ మైనర్‌లో అండాంటే (నింపాది నడక), ఆ తర్వాత పల్లె పాట లాంటి అల్లెగ్రెట్టో (ఓ మోస్తరు వేగం) వస్తాయి. ఈ అతుకుల దగ్గర ఎవరు ఎవరిని నడిపించాలో రిహార్సల్ మొదలవక ముందే కండక్టర్‌తో మాట్లాడుకోవాలి. మూడో భాగాన్ని మెత్తగా ముగించేవి ఓబోలు, హార్న్‌లు. మీ ఆఖరి నోట్ అయిపోయాక కూడా వయొలిన్ దించకండి, హార్న్‌ల శబ్దం పూర్తిగా ఆగి, కండక్టర్ చేతులు దిగేదాకా అలాగే నిలబడండి.

వచ్చే పాఠం: డ్రెస్ రిహార్సల్ రికార్డింగ్‌ను ఎలా వినాలి.