కారు వెనక వైపర్ తిరగట్లేదా? మోటారు కొనేముందు ఇవి చూడండి

కాలువ గట్టు మీద వానలో కారు రివర్స్ చేయాల్సి వచ్చినవాళ్లకి వెనక వైపర్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వచ్చేస్తుంది, తప్పుకునే చోటేమో ఎక్కడో వెనక ఉంటుంది, ఒకవైపు కాలువ, ఇంకోవైపు చేపల చెరువు, వెనక అద్దమంతా బురద. డిక్కీ నిటారుగా ఉండే కార్లలో ఈ బాధ ఎక్కువ. కారు వెళ్తుంటే వెనక గాలి సుడి తిరిగి, టైర్లు లేపిన నీళ్లని తెచ్చి అద్దానికే కొడుతుంది.

పోయిన వానల్లో నా కారుది ఆగిపోయింది. షాపులో చూపిస్తే స్విచ్ రెండుసార్లు వేసి చూసి, "మోటారు పోయిందండి, కొత్తది వేసేద్దాం" అన్నారు. సరే అన్నాను. కొత్త మోటారు కూడా తిరగలేదు. చివరికి తేలింది ఏంటంటే, తప్పు మోటారులో లేదు, వైరు తెగింది. ఆ డబ్బులు మీకు పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు చెవి పెట్టి వినండి

ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టండి, ఏసీ, పాటలు ఆపేయండి, వెనక వైపర్ స్విచ్ వేసి ఒకరిని డిక్కీ దగ్గర నిలబెట్టండి. అద్దం మీద కాసిని నీళ్లు పోసి మరీ వేయండి, పొడి అద్దం మీద తిప్పితే గీతలు పడతాయి. మోటారు తిరిగే చప్పుడు వస్తోందా, మూలుగుతోందా, అసలు ఏమీ లేదా అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

చప్పుడు వస్తోంది, ఆర్మ్ మాత్రం కదలట్లేదు

ఇది తేలిక. ఆర్మ్ అంటే బ్లేడుని పట్టుకుని ఉండే కడ్డీ. దాని మొదట్లో ఉన్న ప్లాస్టిక్ మూత ఎత్తితే నట్టు కనిపిస్తుంది, చాలా కార్లకి 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. ఆ నట్టు వదులైతే మోటారు ఇరుసు లోపల తిరుగుతుంటుంది, ఆర్మ్ కదలదు. బిగించి చూడండి. బిగించినా జారుతుంటే ఆర్మ్ లోపలి పళ్లు అరిగిపోయాయన్నమాట, ఆర్మ్ ఒక్కటీ మారిస్తే చాలు. ఇరుసే తిరగకుండా లోపల చప్పుడు మాత్రం వస్తుంటే మోటారులోని ప్లాస్టిక్ పళ్ల చక్రం పోయి ఉంటుంది, అప్పుడు మోటారు మార్చుకోవాల్సిందే.

మూలుగుతోంది, లేదా నెమ్మదిగా ఈడుస్తోంది

మన ఉప్పుగాలి పని ఇది. కోనసీమలో రాజోలు, మలికిపురం, అంతర్వేది వైపు ఇళ్ల దగ్గర ఆరుబయట నిలబెట్టే కార్లలో ఎక్కువగా చూస్తుంటాం. ఇరుసు ఉక్కుది, దాని చుట్టూ గొట్టం అల్యూమినియంది, పైన చిన్న రబ్బరు రింగు. ఆ రింగు ఎండకి పగిలాక నీళ్లు దిగి రెండు లోహాల మధ్య సున్నంలాంటి తెల్లపొడి కడుతుంది. ఇరుసు పట్టేస్తుంది. ఎండాకాలం మూడు నెలలూ వైపర్ వాడకుండా ఉంచి, తొలకరికి స్విచ్ వేస్తే కదలకపోవడం ఇందుకే. అలాగే వేసి ఉంచితే ఫ్యూజు కొడుతుంది, లేదా మోటారు లోపలి తీగచుట్ట కాలుతుంది.

బయటి నుంచి ఇరుసు మొదట్లో డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేస్తే కొన్నాళ్లు తిరుగుతుంది, కానీ అది తాత్కాలికం. సరిగ్గా చేయాలంటే బ్లేడు ఆగిన చోట అద్దం మీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకుని, నట్టు విప్పి, ఆర్మ్‌ని అటూ ఇటూ ఊపుతూ పైకి లాగండి. రాకపోతే దాన్ని పట్టి పైకి లాగే చిన్న పుల్లర్ వాడండి గానీ, స్క్రూడ్రైవర్ అద్దానికి ఆనించి మాత్రం ఎత్తొద్దు. డిక్కీ లోపలి అట్ట తీసి మోటారు దింపి, దాని మూత తెరిచి, లాక్ రింగు తీస్తే ఇరుసు బయటికి వస్తుంది. పొడంతా సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, గ్రీజు పెట్టి, కొత్త రబ్బరు రింగు వేయండి. ఆ రింగు మర్చిపోతే వచ్చే వానలకి మళ్లీ ఇదే కథ.

అసలు ఏ చప్పుడూ లేదు

ముందు ఫ్యూజు. బాక్సు మూత మీద బొమ్మ ఉంటుంది, వెనక వైపర్‌ది తీసి చూడండి, లోపలి తీగ తెగితే కంటికే తెలుస్తుంది. ఎన్ని ఆంపియర్లది ఉంటే అన్నిదే వేయాలి. నిలబడట్లేదని పెద్దది వేసేస్తారు కొందరు, దయచేసి ఆ పని చేయొద్దు, ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది. కొత్తది కూడా కొట్టేస్తుంటే ఇరుసు పట్టేసిందా, లేక ఎక్కడైనా వైరు బాడీకి తగులుతోందా అని వెతకండి.

ఫ్యూజు బాగుంటే తిన్నగా డిక్కీ కీలు దగ్గరికి వెళ్లండి. అక్కడ ముడతల రబ్బరు గొట్టం ఒకటి కారు పైకప్పు నుంచి డిక్కీ తలుపులోకి వెళ్తుంది. డిక్కీకి వెళ్లే వైర్లన్నీ అందులోనే. తలుపు ఎత్తిన ప్రతిసారీ, దించిన ప్రతిసారీ అవి వంగుతుంటాయి. కూరగాయలకీ, సిలిండర్‌కీ, ధాన్యం బస్తాకీ రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతామో చూసుకోండి. వైపర్‌తో పాటు నంబర్ ప్లేటు లైటో, పైన ఉండే బ్రేక్ లైటో, అద్దానికి పట్టిన ఆవిరి పోగొట్టే డీఫాగరో కూడా పనిచేయట్లేదంటే వైరు తెగింది అక్కడే, ఇంక అనుమానం అక్కర్లేదు.

పాలకొల్లులో ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ నా కారుకి చేసింది ఇదే. "బాబాయ్ గారూ, డిక్కీ కాస్త సగం ఎత్తి పట్టుకోండి" అని, స్విచ్ వేసి ఉంచి, ఆ రబ్బరు గొట్టాన్ని వేళ్లతో నలిపాడు. వైపర్ ఒక్కసారి ఎగిరి ఆగింది. గొట్టం ఊడదీస్తే నల్ల వైరు చూడ్డానికి బాగానే ఉంది, పైతొడుగు కూడా చిట్లలేదు. రెండు వేళ్లతో పట్టి లాగితే రబ్బరులా సాగింది, అంటే లోపల రాగి దాదాపు లేదు. గోరుతో తొడుగు చీరితే పచ్చగా చిలుము పొడి రాలింది, ఒకే ఒక్క పోగు అవతలికి అందుతోంది. (కొన్ని కార్లలో డిక్కీ తెరిచి ఉంటే వైపర్ కావాలనే తిరగదు, అలాంటివాటిలో తలుపు వేసి, మోటారు దగ్గర కరెంటు చూసుకోవాలి.)

ఆ ఒక్క పోగే అందరినీ మోసం చేస్తుంది. మోటారు సాకెట్ దగ్గర మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరుకి కరెంటు దాదాపు అక్కర్లేదు. దాంతో కరెంటు వస్తోంది, మోటారే పోయింది అనేస్తారు. మీటరు బదులు ఇండికేటర్‌కి వాడే 21 వాట్ల బల్బు ఒకటి రెండు వైర్లకి తగిలించి అక్కడ పెట్టండి. బాగా వెలిగితే మోటారుదే తప్పు. మినుకుమంటే వైరుది. బల్బు రెండో కొసని సాకెట్ ఎర్త్‌కి కాకుండా బాడీకి ఆనిస్తే బాగా వెలిగిందా, తెగింది ఎర్త్ వైరు. నాదీ అదే.

అతుకు మాత్రం వంగే చోట వేయొద్దు. టంకం పెట్టిన చోట వైరు బిరుసెక్కి ఆర్నెల్లకే మళ్లీ విరుగుతుంది. పాత ముక్క మొత్తం తీసేసి, అంతే మందం ఉన్న మెత్తటి సన్నపోగుల వైరు వేసి, అతుకులు ఒకటి పైకప్పు లోపల, ఇంకొకటి డిక్కీ తలుపు లోపల వచ్చేలా చూడండి. పక్క వైర్లు కూడా అదే వయసువి, వాటినీ లాగి చూడండి.

మిగతా చిన్నవి

స్విచ్ ఆపగానే ఎక్కడుంటే అక్కడే ఆగిపోతోందంటే, మోటారు లోపల ఆర్మ్‌ని మళ్లీ మొదటి చోటికి చేర్చే పలక అరిగిపోవడమో, దానికి ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన వైరు తెగడమో కారణం. గీతలు పడుతోంటే రబ్బరు ఎండకి బిరుసెక్కింది, మార్చేయండి.

వెనక అద్దం మీదికి నీళ్లు చిమ్మకపోతే, కారు ముందరి అద్దానికి వస్తున్నాయేమో చూడండి, చాలా కార్లలో ట్యాంకు ఒకటే. ముందుకి బాగా వచ్చి వెనకకి రాకపోతే నీళ్లు చిమ్మే రంధ్రాన్ని సన్నటి సూదితో పొడిచి శుభ్రం చేయండి. మన బోరు నీళ్ల ఉప్పు అక్కడే గడ్డకడుతుంది, ట్యాంకులో తాగే టిన్ను నీళ్లు పోయడం మంచిది. స్విచ్ వేసినప్పుడు లోపల పైకప్పు గుడ్డ తడుస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి, పైపు లోపల ఊడింది, ఆ నీళ్లు వైర్ల సాకెట్లలోకి దిగుతాయి.

అంతా అయ్యాక రబ్బరు గొట్టం అంచు రెండువైపులా గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. డిక్కీ వేసి, కీలు మీద నాలుగు చెంబుల నీళ్లు పోసి, ఐదు నిమిషాలాగి లోపల అట్ట తడిసిందేమో చూసి, అప్పుడు స్క్రూలు బిగించండి.