పెళ్లయ్యాక ఇంటిపేరు, మధ్యలో వీసా ఫైలు: నెల్లూరు, ప్రకాశం నుంచి అమెరికా వచ్చే కోడళ్లకు

పదహారు రోజుల పండగ నాడు మా పెద్దత్త నాతో అన్నది: "అమ్మాయ్, పాస్‌పోర్టులో మన ఇంటిపేరు ఎక్కించేయి. లేకపోతే వీసా ఇవ్వరంట." కావలి నుంచి ఒంగోలు దాకా అమెరికా సంబంధం కుదిరిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట వినపడుతుంది. ఆమె ప్రేమతోనే చెప్పింది. కానీ అది నిజం కాదు. నేను దాన్ని నమ్మి, తప్పు సమయంలో పేరు మార్చుకుని, రెండున్నర నెలలు అదనంగా నెల్లూరులోనే ఉండిపోయాను. ఇప్పుడు బయలుదేరబోతున్న మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక విషయం గట్టిగా చెప్తాను. పెళ్లయిన ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. అమెరికా వాళ్లూ అడగరు. భార్యాభర్తల వీసాలో పేర్ల విషయానికొస్తే వాళ్లు ముఖ్యంగా చూసేవి రెండు: పెళ్లి నిజమైనదా, కాగితాల్లో ఉన్న మనిషీ ఎదురుగా నిలబడ్డ మనిషీ ఒకరేనా. ఇంటిపేర్లు వేరుగా ఉన్నంత మాత్రాన పెళ్లి మీద అనుమానం రాదు. ఒకే మనిషికి కాగితానికో పేరు ఉంటేనే ప్రశ్నలు వస్తాయి.

నా విషయంలో జరిగింది ఇది. మా ఆయన అమెరికా సిటిజన్. పెళ్లయ్యాక నా పుట్టింటి పేరుతోనే ఐ-130 (భార్యను గ్రీన్ కార్డు మీద పిలిపించుకునే పిటిషన్) వేశారు. అది ఆమోదం పొంది, ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కి చేరింది. నేను డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా ఫారం నింపాను, నా మీద కేసులేవీ లేవని చెప్పే పోలీస్ క్లియరెన్స్ తీసుకున్నాను. అప్పుడు మా ఊళ్లో కాగితాలు చూసిపెట్టే ఒక ఏజెంటు, "ఇంటర్వ్యూలోపు పాస్‌పోర్టు కూడా మార్చేస్తే అన్నీ ఒకే పేరు మీద ఉంటాయి" అన్నాడు. వినడానికి సబబుగానే అనిపించింది. మార్చాను. మన పాస్‌పోర్టు మళ్లీ ఇస్తే నంబరు కూడా మారుతుంది. నా పోలీస్ క్లియరెన్స్ మీద ఉన్నదేమో పాత నంబరు, పాత పేరు. ముంబైలో ఇంటర్వ్యూ బాగానే జరిగింది, చివర్లో మాత్రం 221(జి) చీటీ, అంటే ఇంకా కాగితాలు కావాలి, అప్పటిదాకా వీసా ఆగుతుందని చెప్పే చీటీ, చేతికిచ్చారు. కొత్త పాస్‌పోర్టు మీద కొత్త క్లియరెన్స్ తెమ్మన్నారు. మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఇంటికి పోలీసు వెరిఫికేషన్, బుక్ చేసిన టికెట్లు క్యాన్సిల్. ఆ టెన్షన్‌లో మా అమ్మ సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

ఇంటర్వ్యూ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నెల్లూరు వాళ్లం చెన్నై దగ్గర కదా, అక్కడే ఉంటుందిలే అనుకుంటాం. ఒంగోలు వాళ్లు హైదరాబాద్ అనుకుంటారు. స్టూడెంటు, విజిటర్ వీసాలకు అది సరే. భార్యగానో భర్తగానో గ్రీన్ కార్డు మీద వెళ్లేవారి ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలో ఉంటుంది. ముంబైలో నాలుగైదు రోజులు ఉండేలా ప్లాన్ చేసుకోండి.

ఎప్పుడు మార్చుకోవాలి

మార్చుకోవాలని మీకే ఉంటే, దానికి మంచి సమయాలు రెండున్నాయి. ఒకటి, ఐ-130 వేయకముందు. పెళ్లి సర్టిఫికెట్ చేతికి రాగానే పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టండి, కొత్త పాస్‌పోర్టు వచ్చాకే ఫైలు మొదలుపెట్టండి. రెండోది, అమెరికా చేరి గ్రీన్ కార్డు చేతికొచ్చాక. ఈ రెండింటికీ మధ్యలో మాత్రం, ప్రాణం మీదకొస్తే తప్ప, పేరు జోలికి వెళ్లకండి.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపేస్తారు. పాస్‌పోర్టులో భర్త పేరు చేర్పించడం వేరు, మీ ఇంటిపేరు మార్చుకోవడం వేరు. మొదటిదానికి మీ పేరు మారదు, తల్లిదండ్రుల పేర్ల పక్కన భర్త పేరు చేరుతుంది, అంతే. రెండిటికీ రీ-ఇష్యూయే కాబట్టి ఫారం నింపేవాళ్లు "పెళ్లైంది కదా" అని ఇంటిపేరు గడి కూడా మార్చేస్తారు. సబ్మిట్ నొక్కే ముందు ఆ గడి మీరే చూసుకోండి.

పెళ్లి సర్టిఫికెట్ విషయానికి వస్తే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే కాగితం మీద పెళ్లికి ముందున్న పేర్లే ఉంటాయి. అమెరికాలో పెళ్లి చేసుకునేవాళ్లకు కొన్ని రాష్ట్రాల్లో పెళ్లి లైసెన్సు మీదే కొత్త పేరు రాసుకునే వీలుంటుంది. మన సర్టిఫికెట్‌లో అలాంటి గడి లేదు. అందుకే "ఇది చూపించి అక్కడ మార్చుకుంటాలే" అనుకుని వచ్చినవాళ్లు డ్రైవింగ్ లైసెన్సు కౌంటరు దగ్గర ఇబ్బంది పడుతుంటారు.

స్పెల్లింగు కూడా సర్టిఫికెట్ తీసుకున్న రోజే చూడాలి. సుజాతలో టి తర్వాత హెచ్ ఉందా, లక్ష్మిలో కె-ఎస్-హెచ్ రాశారా, ఎక్స్ రాశారా, వెంకటలో చివరి ఎ ఉందా. టెన్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చదవండి. తప్పుంటే ఆ వారంలోనే దిద్దించుకోవడం తేలిక, ఏడాది తర్వాత మళ్లీ సెలవు పెట్టుకుని తిరగడం కష్టం.

ఏ పేరును ఇంటిపేరు అంటాం

మన ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అమెరికా వాళ్లకు చివర. పేరు చివర రెడ్డి, నాయుడు, చౌదరి ఉన్న మగవాళ్లలో కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో అసలు ఇంటిపేరు ఉంటుంది, కొందరిలో ఆ చివరి మాటే ఉంటుంది. తమిళనాడు సరిహద్దు వైపు ఊళ్లలో ఇనిషియల్ అలవాటు ఉన్నవాళ్లు తండ్రి పేరునే ఆ గడిలో రాస్తారు. కాబట్టి "భర్త ఇంటిపేరు తీసుకుంటున్నా" అనేముందు ఆయన పాస్‌పోర్టు తెరిచి సర్‌నేమ్ అన్నచోట ఏముందో చూడండి. నా స్నేహితురాలు ఒకామె మామగారి ఇంటిపేరు ఎక్కించుకుంది. తీరా చూస్తే భర్త అమెరికా పాస్‌పోర్టులో ఉన్నది రెడ్డి. ఇద్దరి పేర్లూ కలవాలని చేసిన పని, కలవకుండానే పోయింది.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటివాళ్లకు వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అదే లైసెన్సు మీదకి, బ్యాంకు కార్డు మీదకి పాకుతుంది. డాక్టరు దగ్గర నర్సు "ఎఫ్ఎన్‌యూ" అని పిలిస్తే అది మనమేనని లేచి వెళ్లాల్సి వస్తుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు అలా పోతే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది. మీ పాస్‌పోర్టు అలా ఉంటే, భర్త ఇంటిపేరు తీసుకోకపోయినా సరే, ఐ-130 కంటే ముందే పేరును రెండు గడుల్లోకి విడదీయించుకోండి. పేరు మార్పుల్లో నేను తప్పకుండా చేయమని చెప్పేది ఇదొక్కటే.

మధ్యలో ఇప్పటికే మార్చేసుకుంటే

కంగారు పడకండి, దారి ఉంది. పాత పేరు నుంచి కొత్త పేరుకి ఎలా వచ్చారో చూపే కాగితాలు వరసగా ఉంటే చాలు. పాత పాస్‌పోర్టు పారేయకండి, క్యాన్సిల్ ముద్ర పడినా సరే. ఫైలు ఇంకా యూఎస్‌సీఐఎస్ (ఐ-130 పరిశీలించే అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు) దగ్గరుండి, ఆన్‌లైన్‌లో వేసి ఉంటే, మీవారి అకౌంటులో కొత్త పాస్‌పోర్టు పేజీ, పెళ్లి సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయించండి. వీసా సెంటర్‌కి చేరి ఉంటే కేసు నంబరు ఇచ్చి, వాళ్ల ఎంక్వయిరీ ఫారంలో పేరు మారిందని రాయండి. డీఎస్-260 ఒకసారి సబ్మిట్ చేశాక మనంతట మనం మార్చలేం, తిరిగి తెరవమని వాళ్లను అడగాలి. అందులో "ఇంతకుముందు వాడిన పేర్లు" అని ఒక ప్రశ్న ఉంటుంది. ఐ-130లోనూ ఉంటుంది. అక్కడ పుట్టింటి పేరు రాయడం ఎప్పుడూ మరిచిపోవద్దు. శుభలేఖలో చి.ల.సౌ. తర్వాత ఇంట్లో పిలిచే పేరు వేయించి ఉంటే, ఆ శుభలేఖను పెళ్లి రుజువుగా పెడుతుంటే, ఆ పేరు కూడా రాయండి. దాచేదేమీ లేదు. రాసిన పేరు గురించి ఆఫీసరు అడిగితే ఒక్క వాక్యంలో అయిపోతుంది, రాయనిది కనపడితే మాటలు పెరుగుతాయి.

వరస కూడా గుర్తుపెట్టుకోండి: ముందు పాస్‌పోర్టు, తర్వాత పోలీస్ క్లియరెన్స్, తర్వాత మెడికల్, చివర టికెట్. నాకు తప్పింది ఈ వరసే.

పసుపు కుంకుమ పొలం

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఆగి చెప్తాను. మన వైపు ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో, ఒక ప్లాటో రాసిస్తారు. ఆ రిజిస్ట్రేషన్ కాగితం, పట్టాదారు పాసు పుస్తకం, ఊళ్లో బ్యాంకు అకౌంటు, పాన్, ఆధార్, అన్నీ పుట్టింటి పేరు మీదే ఉంటాయి. పాస్‌పోర్టు ఒక్కటే మార్చుకుని విమానం ఎక్కేస్తే, రేపు ఆ పొలం అమ్మాలన్నా, అన్నకు పవర్ ఆఫ్ అటార్నీ పంపాలన్నా, సంతకం పెట్టే మనిషి పేరూ పుస్తకంలో పేరూ వేరవుతాయి. అప్పుడు ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు, సాక్షులు, ఫోన్ల మీద ఫోన్లు. పేరు మార్చుకుంటే బయలుదేరే లోపే ఆధార్, పాన్ రెండూ ఒకే పేరు మీదకి తెచ్చుకోండి. పాత పేరు, కొత్త పేరు రెండూ రాసిన అఫిడవిట్ ఒకటి నోటరీ చేయించి, అసలు కాగితం అమ్మానాన్నల బీరువాలో పెట్టండి. డిగ్రీ సర్టిఫికెట్లకు మాత్రం మార్పు అక్కర్లేదు. ఉద్యోగానికి వాటిని ఇవాల్యుయేషన్‌కి (అమెరికా చదువుతో సరిపోల్చడానికి) పంపేటప్పుడు పెళ్లి సర్టిఫికెట్, రెండు పాస్‌పోర్టుల కాపీలు జతచేస్తే సరిపోతుంది.

దిగిన తర్వాత

విమానాశ్రయంలో ముద్ర వేశాక, మీ పాస్‌పోర్టులోని వీసాయే ఏడాది పాటు తాత్కాలిక గ్రీన్ కార్డుగా పనిచేస్తుంది. డీఎస్-260లో సోషల్ సెక్యూరిటీ కార్డు (ఉద్యోగానికి, ట్యాక్సుకి కావాల్సిన నంబరు ఉండే కార్డు) కావాలని చెప్పి ఉంటే అది పోస్టులో వస్తుంది. వీసా మీద ఏ పేరుంటే దాని మీద కూడా అదే పేరు. ఆ పేరుతోనే లైసెన్సు, బ్యాంకు, ఉద్యోగం కాగితాలు చేసుకోండి. మీవారు అందరికీ మిమ్మల్ని "మిసెస్ ఫలానా" అని పరిచయం చేయొచ్చు, పక్కింటివాళ్లు ఆ పేరుతోనే పిలవొచ్చు, ఇబ్బంది లేదు. ఫారం మీద మాత్రం వీసాలో ఉన్నదే రాయాలి. ఇద్దరూ కలిసి ట్యాక్స్ వేసేటప్పుడు కూడా మీ పేరు సోషల్ సెక్యూరిటీ రికార్డులో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే రీఫండ్ ఆలస్యమవుతుంది.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మీకు వచ్చేది రెండేళ్ల కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో, ఆ రెండేళ్ల షరతు తీసేయమని కోరే ఐ-751 ఇద్దరూ కలిసి వేయాలి. అప్పుడు మళ్లీ జాయింట్ అకౌంటు, అద్దె ఒప్పందం, ఇన్సూరెన్సు లాంటి రుజువులు అడుగుతారు. వాటి మీద మీ పేరు ఒకే రకంగా ఉండేలా మొదటి నెల నుంచే చూసుకోండి. కరెంటు బిల్లు మీద ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు పెట్టుకోకండి.

ఇక్కడికొచ్చాక మార్చుకోవాలనిపిస్తే మీరుండే రాష్ట్రంలోని కోర్టులో పేరు మార్పు ఆర్డరు తీసుకోవచ్చు. దాన్ని పట్టుకుని సోషల్ సెక్యూరిటీ, గ్రీన్ కార్డు (ఐ-90 ఫారంతో), లైసెన్సు, మన కాన్సులేట్ ద్వారా భారత పాస్‌పోర్టు, అన్నీ మార్పించుకోవాలి. తొందర లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. సిటిజన్‌షిప్‌కి ఎన్-400 వేసేటప్పుడే కొత్త పేరు అడగొచ్చు. జడ్జి సమక్షంలో ప్రమాణం జరిగే చోట ఆ రోజే పేరు మారుతుంది, దానికి విడిగా కోర్టు ఖర్చు ఉండదు.

నేను ఇప్పుడు మా అత్తగారి ఇంటిపేరుతోనే ఉన్నాను. బాగానే ఉన్నాను. మా చెల్లెలికి పోయిన ఏడాది సింగరాయకొండ సంబంధం కుదిరింది, అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. దాని పాస్‌పోర్టు నేనే వీడియో కాల్‌లో చూశాను. రెండు గడుల్లోనూ పేర్లు సరిగ్గా ఉన్నాయి. వాళ్ల అత్తగారు అదే మాట అడిగినప్పుడు చెల్లెలు నాకు ఫోను ఇచ్చింది. "అత్తా, ఇప్పుడు మారిస్తే అమ్మాయి రావడం ఆలస్యమవుతుంది, గ్రీన్ కార్డు వచ్చాక దాని ఇష్టం" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "పిల్ల తొందరగా వస్తే అదే చాలమ్మా" అన్నది.