కొటేషన్ చదవడం, 4వ పాఠం: ‘వరకు’ అన్న మాట దగ్గర ఆగండి

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది రాసిన జవాబు 1,600 కిలోలు. అందుకే ఈసారి చెప్పుకోవాల్సిన వారంటీ షరతులను పక్కన పెట్టి, ముందు ఆ 1,600 సంగతి తేల్చుకుందాం.

జీడిపిక్కలు కోసే యంత్రం కరపత్రంలో ‘కెపాసిటీ: గంటకు 200 కిలోల వరకు’ అని ఉంది. 8 గంటలు నడిపితే ఎంత పప్పు వస్తుందని అడిగాం. 200ని 8తో హెచ్చవేసి, పక్కన ‘పప్పు’ అని రాసేశారు. కరపత్రంలో పప్పు అన్న మాటే లేదు. అది ప్రశ్నలోది. ఆ 200 కిలోలు యంత్రంలో పోసే పిక్కలు.

పలాస, కాశీబుగ్గ వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ‘అవుట్‌టర్న్ 48’ అంటే ఆ బస్తాకు 48 పౌన్ల పప్పు దిగుతుందని. పౌను 453.6 గ్రాములు కాబట్టి అది 21.77 కిలోలు, సుమారు 27 శాతం. 1,600 కిలోల పిక్కలు 20 బస్తాలు, దిగే పప్పు 435 కిలోలు. ఆ 48 కూడా లోపొరతో తూచిన లెక్కైతే, బోర్మాలో (పప్పును ఆరబెట్టే వేడి గది) ఆరబెట్టి పొర తీశాక ఇంకా తగ్గుతుంది. 1,600 అంకెనే నమ్ముకుంటే బోర్మా, పీలింగ్ మెషిన్, గోదాము అన్నీ అవసరానికి మూడున్నర రెట్లకు పైగా పెద్దవి కొంటారు. బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో అదే అంకె పడితే, చూపించిన అమ్మకాలు రావు, వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది.

ఇక ‘వరకు’. ఈ మాటను జవాబు రాసినవాళ్లలో ఒక్కరూ పట్టించుకోలేదు. ఇది అంకెకు పైకప్పే తప్ప నేల కాదు. గంటకు 90 కిలోలే కోసినా ‘200 వరకు’ అబద్ధం కాదు, అమ్మినవాడు తప్పు చెప్పలేదు. 200 రావాలంటే పిక్కలు సైజుల వారీగా గ్రేడింగ్ చేసి ఉండాలి, ఆవిరికి సరిగ్గా ఉడికి, చల్లారి ఉండాలి, బ్లేడు పదునుగా ఉండాలి. సైజులు కలిసిపోతే చిన్న పిక్క తెగకుండా జారిపోతుంది, పెద్ద పిక్కలో పప్పు నలుగుతుంది. ఈ షరతులు కరపత్రంలో లేకపోతే రాసిమ్మని అడగండి.

దాని కిందే ‘95 శాతం వరకు గుండు పప్పు’ అని ఉంటుంది. గుండు పప్పు అంటే విరగని పప్పు. దేనిలో 95? వంద పిక్కలు పోస్తే 80 తెగి, వాటిలో 76 విరగకుండా వచ్చాయనుకోండి. తెగినవాటిలో అది 95 శాతమే, పోసినవాటిలో 76 శాతం. తెగని ఐదో వంతు మళ్లీ పోయాలి కాబట్టి గంటకు కొత్తగా పడేది 200 కాదు, 160. రోజుకు 16 బస్తాలు, పప్పు 348 కిలోలు. మీరు రాసిన 1,600 ఇక్కడికి దిగింది. పైగా ఇది కోత దగ్గరి లెక్క. పీలింగ్‌లో విరిగేది వేరు.

‘వరకు’లు రెండు పక్కపక్కన ఉంటే మోసం ఇంకా లోతు. విజయనగరం వైపు బావి మోటారు కొనేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. 5 హెచ్‌పీ పంపు కరపత్రంలో ‘హెడ్ 30 మీటర్ల వరకు, డిశ్చార్జి సెకనుకు 20 లీటర్ల వరకు’ అని ఉందనుకోండి. హెడ్ అంటే నీటిని ఎత్తే ఎత్తు, డిశ్చార్జి అంటే బయటికి వచ్చే నీరు. 30 మీటర్ల ఎత్తుకు 20 లీటర్లు వస్తాయని చదువుతాం. లీటర్లను మీటర్లతో, ఆపైన 9.81తో హెచ్చవేస్తే ఆ నీటిని ఎత్తడానికి కావాల్సిన వాట్లు వస్తాయి: 5,886. మోటారు ఇచ్చేది 5 × 746, అంటే 3,730. మోటారు దగ్గర లేని బలం పంపుకు ఎక్కడిది? సెంట్రిఫ్యూగల్ పంపులో (తిరిగే చక్రంతో నీటిని తోసేది) హెడ్ గరిష్ఠానికి చేరితే డిశ్చార్జి సున్నా. డిశ్చార్జి గరిష్ఠంగా ఉన్నప్పుడు హెడ్ బాగా పడిపోతుంది. రెండంకెలూ విడివిడిగా నిజమే, ఒకే క్షణంలో నిజం కావు. పంపు సామర్థ్యం 55 శాతం అనుకుంటే, మొత్తం హెడ్ 20 మీటర్లున్న బావిలో సెకనుకు 10 లీటర్ల చిల్లరే వస్తుంది. పైపులోని రాపిడినీ మీటర్లలోకి మార్చి ఆ హెడ్‌లో కలపాలి. షాపులో అడగాల్సింది హెడ్‌కు డిశ్చార్జి ఎంతో చూపించే పట్టిక. అది ఇవ్వకపోతే ఆ పంపు వదిలేయండి.

కరపత్రాన్ని చివరి పేజీ నుంచి చదవడమే నాకు ఇష్టం. చిన్న అక్షరాలు అక్కడుంటాయి, రంగుల బొమ్మలు చూశాక వాటి మీద కన్ను నిలవదు. హైలైటర్ కన్నా పెన్సిలు మేలు: ప్రతి అంకె పక్కన ‘దేనిలో?’, ‘ఎప్పుడు?’ అని రాసి, జవాబు దొరికాకే చెరిపేయండి. ఎక్స్-వర్క్స్ (ఫ్యాక్టరీ దగ్గరి ధర, రవాణా మనదే), జీఎస్టీ అదనం లాంటివి మీకు తెలిసినవే.

అభ్యాసం: ఒకే రకం యంత్రానికి మూడు కొటేషన్లు తెప్పించండి. ప్రతి కెపాసిటీనీ, శాతాన్నీ, కరెంటు ఖర్చునూ ‘80 కిలోల పిక్కల బస్తాకు’ అన్న ఒకే లెక్కలోకి మార్చండి. జీడి వ్యాపారం కాకపోతే మీ సరుకుకు తగిన కొలత పెట్టుకోండి. మార్చలేని అంకెలు ఏవైతే మిగులుతాయో, వాటి షరతులు అడుగుతూ ముగ్గురికీ ఉత్తరాలు రాయండి. జవాబులు కాగితం మీదే తీసుకోండి, ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు. వచ్చే పాఠంలో వారంటీ షరతులను ఆ కాగితాలు ముందు పెట్టుకునే చదువుతాం.