కుర్చీ కోసం ఎమ్మెల్యేకి అర్జీ ఎలా రాయాలి

పన్నెండేళ్లు చీరల షాపులో పనిచేశాను. కొనేవాళ్లకి కుర్చీలుండేవి, చూపించే మాకుండేవి కావు. ఆషాఢం సేల్‌లో పొద్దున పదికి కౌంటర్ దగ్గరికొస్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా కాళ్ల మీదే. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తే మాట పడాలని మంచినీళ్లు కూడా తాగేవాళ్లం కాదు. పిక్కల మీద నరాలు ఉబ్బాయి, రెండుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఆ తర్వాత పని మానేశాను.

మా మొదటి అర్జీలో జీతం, సెలవులు, బాత్రూమ్, కుర్చీ అన్నీ కలిపి రాశాం. పీఏ గారు తీసుకుని, "లేబర్ ఆఫీసుకి వెళ్లండమ్మా" అన్నారు. షాపు మీద ఫిర్యాదు వేరు, చట్టం మార్చమని అడగడం వేరని అప్పుడు తెలిసింది. రెండోది ఎమ్మెల్యే పనే.

కాబట్టి ఒకే పేజీ, ఒకే కోరిక. చట్టం పేరు తప్పకుండా రాయండి: దుకాణాలు, సంస్థల చట్టం, 1988. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ షాపులకి ఉన్నది ఇదే. పనివాళ్లు వీలైనప్పుడల్లా కూర్చునేలా ప్రతి షాపులో ఆసనాలు ఉండాలని ఇందులో ఒక సెక్షన్ చేర్చమనండి.

వేరే రాష్ట్రాల సంగతి రాయడం మర్చిపోవద్దు. కోళికోడ్‌లో విజి అనే దర్జీ మొదలుపెట్టిన పెణ్‌కూట్టు అనే సంఘం ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక, 2018లో కేరళ పనివాళ్లకి కూర్చునే వీలుండాలని తన షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా తన షాపుల చట్టంలో ఇదే విషయం మీద 22-ఎ సెక్షన్ చేర్చింది. నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనే చెప్పింది. ఫ్యాక్టరీలో అలిసే కాళ్లే షాపులోనూ అలుస్తాయి కదా!

ఇక రుజువులు. వారం రోజులు ఎన్ని గంటలు నిలబడ్డారో చిన్న పుస్తకంలో రాసుకోండి. డాక్టర్ చీటీ జిరాక్స్ జత చేయండి. సంతకాల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లని బలవంతం చేయొద్దు, వాళ్ల ఉద్యోగం పోతే మనం ఇవ్వలేం. మానేసినవాళ్లు, యూనియన్ వాళ్లు చేస్తే చాలు. షాపు పేరు కూడా రాయొద్దు, అడిగేది చట్టం గనక.

అసెంబ్లీ మొదలవడానికి చాలా ముందే వెళ్లండి, ప్రశ్నలకి ముందుగా నోటీసు ఇవ్వాలి. నక్షత్ర గుర్తు ప్రశ్న వేయమని అడగండి. దానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకి రాతలోనే జవాబొస్తుంది. మంత్రి కాని సభ్యులు కూడా బిల్లు పెట్టొచ్చు. అలాంటివి చట్టంగా మారడం అరుదే అయినా, సభలో మన మాట రికార్డవుతుంది.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. రెండోసారి మేం అలాగే వెళ్లాం. ఎమ్మెల్యే గారు స్వయంగా చదివి, "రోజుకి ఎన్ని గంటలమ్మా?" అని అడిగారు. నా పుస్తకం తెరిచి చూపించాను.