సెంటర్‌బోర్డు తెరచాప పడవ బేరం కుదుర్చుకునే ముందు

అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బే సగటు లోతు 21 అడుగులే. ఒడ్డువైపు పాయల్లోకి వెళ్తే ఇంకా తక్కువ. అందుకే అక్కడ సెంటర్‌బోర్డు (పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) పైకి ముడుచుకునే పాత పడవలకు గిరాకీ. ఉదాహరణకు టార్టన్ 34: బోర్డు ఎత్తితే 3 అడుగుల 11 అంగుళాలు, దించితే 8 అడుగుల 4 అంగుళాలు మునుగుతుంది. కరపత్రంలోని లెక్క ఖాళీ పడవది కావచ్చు. నీళ్లు, డీజిల్, సామాను ఎక్కాక ఎంత మునుగుతుందో అడగండి.

• పడవను క్రేన్‌తో పైకెత్తించి, బోర్డు పూర్తిగా దింపించి చూడండి. నీళ్లలో ఉండగా చూసి డబ్బులిస్తే కళ్లకు గంతలు కట్టుకుని కొన్నట్టే. బోర్డును ఎత్తే వైరు తాడులో పోగులు తెగాయా? ఇరుసు పిన్ను అరిగిందా? చేత్తో అటూ ఇటూ ఊపితే తెలిసిపోతుంది. బోర్డు దూరే గూట్లో నత్తగుల్లలు, బురద, గులకరాళ్లు పేరుకుంటే అది బిగుసుకుపోతుంది. ఆ గూటికి లోపల రంగు వేయడం కష్టం, చాలామంది వదిలేస్తారు.

• చుక్కాని బోర్డుకన్నా ముందే నేలకు తగులుతుందా? తగిలేదైతే బేరం మానుకోండి.

• పడవను నిలకడగా ఉంచే బరువు ఎక్కడుంది? స్థిరమైన కీల్‌లోనా (పడవ అడుగున కదలకుండా ఉండే భాగం), బోర్డులోనా? బోర్డులోనే ఉంటే, ఎత్తినప్పుడు పడవ నిలకడ తగ్గుతుంది.

• లంగరు వేశాక బోర్డు టకటకా కొట్టుకుంటుందేమో యజమానిని అడగండి. నిద్ర పట్టదు, నిజం!

• లోతు చూపే మీటరు ఎక్కడి నుంచి కొలుస్తోందో, నీటిమట్టం నుంచా, కీల్ అడుగు నుంచా, తేల్చుకోండి.