పాత కారు మొరాయిస్తే పార్టు కొనే ముందు ఇవి చూస్కోండి

నా బండి 12 ఏళ్ల పాతది, నేను మూడో ఓనర్ని. కొన్న నెలకే పొద్దున పూట సెల్ఫ్ కొడితే టక్ అని ఒక్క సౌండ్ వచ్చి ఊరుకునేది. బ్యాటరీ పోయిందన్నారు, మార్చా. వారం బానే ఉంది, మళ్లీ అదే టక్. సెల్ఫ్ మోటార్ అన్నారు, అదీ విప్పించా. తీరా చూస్తే ఇంజన్‌కీ బాడీకీ మధ్యన ఉండే ఎర్త్ వైరు, చివర పచ్చగా చిలుము పట్టి సగం పోగులు తెగి వేలాడుతోంది, దాని ఖరీదు నేను అప్పటికే తగలేసిన దాంట్లో ఓ మూల కూడా రాదు. అప్పట్నుంచి నాకో అలవాటైపోయింది, ఏ కంప్లైంట్ వచ్చినా ముందు వైరు, తర్వాత రబ్బరు, తర్వాత మట్టి, ఈ మూడూ అయ్యాకే పార్టు.

స్టార్ట్ అవ్వట్లేదు

ముందు హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్ డల్ అయిపోయి టకటకటక అని కొట్టుకుంటుంటే కరెంట్ చాలట్లేదు, అంటే బ్యాటరీ దిగిపోయింది లేదా టెర్మినల్ లూజు. లైట్ అలాగే వెలుగుతూ ఒక్క టక్‌తో ఆగిపోతే ఎక్కువసార్లు సెల్ఫ్ మోటారో దాని సోలినాయిడో (మోటార్‌కి కరెంట్ కలిపే స్విచ్). టక్ కూడా లేకపోతే ఫ్యూజు, రిలే (కరెంట్‌తో పనిచేసే స్విచ్), క్లచ్ పెడల్ స్విచ్ (ఆటోమేటిక్ అయితే గేర్ స్విచ్, న్యూట్రల్‌లో పెట్టి ఒకసారి ట్రై చేయండి).

ఇక మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్). చిన్నదైనా చాలు, ఒకటి కొనుక్కోండి, పాత కారున్న ఇంట్లో అది స్టెప్నీ లాంటిది. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, బండి రాత్రంతా ఆగాక బ్యాటరీ చూస్తే 12.6 ఉంటే ఫుల్, 12.4 పర్లేదు, 12కి దిగితే ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందకి పడిపోతుంటే, అదీ ఫుల్ చార్జ్ చేశాక కూడా పడిపోతుంటే, అప్పుడు బ్యాటరీ మీద అనుమానపడొచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉండగా 13.8 నుంచి 14.5 దగ్గర ఉండాలి. 13 కూడా రాకపోతే డైనమో (ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) బెల్టు, తర్వాత డైనమో. 15 దాటితే వోల్టేజ్ రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి డైనమో టెస్ట్ చేసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్లని బండి దగ్గరకి రానివ్వకండి, ఆ ఒక్క దెబ్బకి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఎగిరిపోవచ్చు.

నా ఎర్త్ వైరు దొరికింది ఇలా: మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద (పైన క్లాంప్ మీద కాదు, మధ్యలో సీసం పోస్ట్ మీదే), ఎర్ర వైరు ఇంజన్ మీద బేర్‌గా ఉన్న ఇనుము మీద పెట్టి, లోపల ఒకళ్లని సెల్ఫ్ కొట్టమన్నా. 0.2, మహా అయితే 0.3 వోల్టులు రావాలి. నాకు 1.6 వచ్చింది. అంటే అంత కరెంటూ దారిలోనే చచ్చిపోతోంది, ఇంక కొత్త బ్యాటరీ పెట్టి ఏం లాభం. వైరు మార్చి, బోల్ట్ కింద ఇనుము మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో గీకి బిగిస్తే అయిపోయింది. టెర్మినల్స్ మీద తెల్లగా పొడి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసమని పోతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న, ఇది మర్చిపోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

హీటెక్కుతోంది

ఎప్పుడు ఎక్కుతోందో చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడే ఎక్కి, స్పీడ్‌లో పోతే దిగుతుందా, అయితే ఫ్యాన్. స్పీడ్‌లోనే ఎక్కుతోందా, అయితే రేడియేటర్ పూడుకుపోవడమో, థర్మోస్టాట్ (ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) పూర్తిగా తెరుచుకోకపోవడమో, వాటర్ పంపో. ఏసీ ఆన్ చేస్తే చాలా బళ్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజ్ చూసి, పక్కనే అదే నెంబర్ ఉన్న హారన్ రిలే పీకి ఫ్యాన్ రిలే ప్లేస్‌లో పెట్టి చూడండి. అప్పుడు తిరిగిందా, రిలే ఒక్కటి మార్చుకుంటే సరి. దానికీ తిరగకపోతే మోటార్‌కి డైరెక్ట్‌గా బ్యాటరీ నుంచి కరెంట్ ఇచ్చి చూస్తే మోటారో వైరింగో తేలిపోతుంది.

రబ్బరు సంగతి ఇక్కడే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హోస్ పైపులు నొక్కి చూడండి, గట్టిపడి చిటచిటమన్నా, క్లాంప్ దగ్గర ఉబ్బినా మార్చేయండి. రేడియేటర్ మూత వాషర్ కూడా, అది ప్రెషర్ పట్టకపోతే కూలెంట్ తొందరగా మరుగుతుంది, ఇంత చిన్న మూత వల్ల హీట్ అని ఎవరూ నమ్మరు. వేడి మీద మాత్రం ఆ మూత తియ్యొద్దు, మొహం మీదకే కొడుతుంది. దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టి పక్కకి తీసి ఆపేయండి, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్యన ఉండే సీల్) పోతుంది. పోయిందా లేదా అంటే, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, కూలెంట్ లీక్ ఎక్కడా కనపడకుండా తగ్గిపోతూ సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ ఆగకుండా వస్తున్నా దాదాపు పోయినట్టే, అది మాత్రం మెకానిక్ పనే. చలి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోయే తెల్లపొగ ఉత్త ఆవిరి, దానికి భయపడకండి.

వేరే రంగు పొగలైతే: నల్లగా వస్తే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది, ఎయిర్ ఫిల్టర్, సెన్సార్లు చూడాలి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్, రేస్ చేసినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు, అంటే బోర్ పనికి రెడీ అవ్వండి.

ఐడిలింగ్‌లో వణుకుతోంది, పికప్ లేదు

చెక్ లైట్ వెలిగితే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్ చదివేది) పెట్టండి, కానీ అది చెప్పిన పార్టు వెంటనే కొనేయకండి, కోడ్ అడ్రస్ మాత్రమే చెబుతుంది దొంగని చూపించదు. పీ0301 వచ్చిందనుకోండి, ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు. ఒకటో కాయిల్ (ప్లగ్‌కి కరెంట్ ఇచ్చేది) తీసి రెండో దాంట్లో, రెండోది ఒకటిలో పెట్టి, కోడ్ చెరిపి కాసేపు నడపండి. ఇప్పుడు పీ0302 వస్తే కాయిలే పోయింది. మారకుండా అదే వస్తే ప్లగ్ అలాగే మార్చి చూడండి, దానికీ కదలకపోతే అప్పుడు ఇంజెక్టర్, కంప్రెషన్. పైసా ఖర్చు లేని టెస్ట్ ఇది.

కోడ్ ఏమీ లేకుండా ఆర్పీఎం పైకీ కిందకీ ఊగుతుంటే థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే మూత ఉండేది) తెరిచి చూడండి, నల్లగా జిడ్డు ఉంటుంది, క్లీనర్ స్ప్రే కొట్టి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సెట్ అయిపోతుంది. కాకపోతే వాక్యూమ్ పైపులు, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం, మడతల మధ్యలో వేలు పెట్టి సాగదీసి చూడాలి, పగులు బయటికి కనపడదు.

సౌండ్లు, బ్రేకులు

స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి కదిలిస్తే కటకట అంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్, దాని రబ్బరు బూట్ చిరిగి గ్రీసు పోయుంటుంది. గుంతల్లో టకటక అంటే లింక్ రాడ్, ఆర్మ్ బుష్‌లు. స్పీడ్‌తో పాటు పెరిగే హోరు వీల్ బేరింగ్‌ది. 80 దాటాక స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్, బ్రేక్ వేస్తేనే వణికితే డిస్కులు.

బ్రేక్ కీచుమంటే ప్యాడ్స్ అయిపోవస్తున్నాయని, గర్రుమని ఇనుము రాపిడి వస్తే అయిపోయాయని. పెడల్ మెత్తగా కిందకి పోతుంటే బండి తియ్యొద్దు, లీకో గాలో ఉంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, డాట్ 4 రకం కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరిగిపోవచ్చు, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి, పాత ఓనర్ మార్చాడో లేదో తెలియనప్పుడు కొన్న రోజే మార్చేయడం మంచిది. ఇంకోటి, ఉత్త జాకీ మీద లేపిన బండి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

మ్యాట్ కింద నీళ్లు

ముందు సీట్ కాళ్ల దగ్గర తడిగా ఉంటే వేలితో తాకి వాసన చూడండి. మామూలు నీళ్లైతే ఏసీ డ్రెయిన్ పైపు పూడుకుపోయింది, బండి కింద ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, దాంట్లో మెత్తటి ప్లాస్టిక్ వైరు పెట్టి మెల్లగా తిప్పితే బురద ముద్ద ఊడి గళగళమని నీళ్లన్నీ కారిపోతాయి (మొహం అడ్డం పెట్టకండి, నేను పెట్టా). జిగటగా, తియ్యటి వాసన వస్తుంటే అది కూలెంట్, హీటర్ కోర్ (క్యాబిన్‌ని వేడి చేసే చిన్న రేడియేటర్) కారుతోంది, దానికి డ్యాష్‌బోర్డ్ విప్పాల్సి రావచ్చు కాబట్టి ముందే ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.