డాస్‌లో 16 ఎంబీ ర్యామ్ ఉన్నా మెమరీ చాలదంటుందేం?

వర్చువల్‌బాక్స్‌లో (మన కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ 6.22 ఎక్కించి 16 ఎంబీ ర్యామ్ ఇచ్చినా, పాత గేమ్ తెరిస్తే మెమరీ చాలదని మొహం మీదే చెప్పేస్తుంది. ర్యామ్ 32కి పెంచినా అదే పాట.

ముందు మెమ్ (ఎం, ఈ, ఎం) అని కొట్టండి. పెద్ద పట్టిక వస్తుంది, కంగారు పడొద్దు. చూడాల్సింది దాని కింద ఉండే "లార్జెస్ట్ ఎగ్జిక్యూటబుల్ ప్రోగ్రామ్ సైజ్" అనే ఒక్క లైనే, గేమ్‌కి దక్కే చోటు అంతే.

దీనంతటికీ మూలం 1981 నాటి ఐబీఎం పీసీ. దాని 8088 ప్రాసెసర్‌కి 20 అడ్రస్ లైన్లే కాబట్టి 1 ఎంబీ దాటి చూడలేదు, అందులోనూ పై 384 కేబీ డిస్‌ప్లే కార్డుకీ బయోస్‌కీ పోతే మిగిలింది 640 కేబీ. డాస్, డ్రైవర్లు, మీ గేమ్, అన్నీ అందులోనే సర్దుకోవాలి. మిగతా ర్యామ్ ఎక్స్‌టెండెడ్ అనే వరసలో దండిగా కనిపిస్తుంది గానీ గేమ్ మొదలవడానికి పనికిరాదు. (మెమ్ రాకముందు చెక్‌డిస్క్ కొడితే డిస్క్ లెక్కల అడుగున 655360 అని బైట్లలో చూపించేది. 1024తో భాగిస్తే అదే 640.)

ఆ చోటు ఎవరు తింటున్నారో తెలియాలంటే మెమ్ పక్కన స్లాష్ సి, స్లాష్ పి కూడా కొట్టండి. పి లేకపోతే లిస్టు సర్రున పైకి పోతుంది. మౌస్ డ్రైవరు, సీడీ డ్రైవరు, స్మార్ట్‌డ్రైవ్... కన్వెన్షనల్ (అంటే ఆ 640 కేబీ) కాలమ్‌లో పెద్ద అంకె ఎవరికుంటే వాళ్లను పైకి, అంటే పై 384 కేబీలో వాడకుండా మిగిలిన చోటుకి పంపాలి.

డాస్ బూట్ అయ్యేటప్పుడు కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే రెండు ఫైళ్లు చదివి డ్రైవర్లు ఎక్కిస్తుంది. కాన్ఫిగ్.సిస్‌కి కాపీ తీసుకుని, పై మెమరీని వాడుకోనిచ్చే రెండు డ్రైవర్లు, మొదట హైమెమ్, దాని కిందే ఈఎంఎం386 (చివర నోఈఎంఎస్ అని), తర్వాత డాస్=హై,యూఎంబీ లైను పెట్టండి. మొదటి రెండూ తారుమారైతే పని జరగదు. ఆ తర్వాత మిగతా డ్రైవర్ల ముందున్న డివైస్‌ని డివైస్‌హై చేయండి, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఉన్నవాటి ముందు ఎల్‌హెచ్ తగిలించండి. డాస్‌తో వచ్చే మెమ్‌మేకర్ ప్రోగ్రామ్ ఇదంతా తానే చేస్తుంది, అయినా చేత్తో చేసుకుంటేనే ఏది ఎక్కడుందో తెలుస్తుంది.

రీబూట్‌లో ఎక్కడైనా ఇరుక్కుంటే "స్టార్టింగ్ ఎంఎస్-డాస్" అని కనిపించగానే ఎఫ్5 నొక్కండి, రెండు ఫైళ్లనూ వదిలేసి ప్రాంప్ట్‌కి వస్తుంది. బూట్ అయ్యాక గేమ్ ఈఎంఎస్ మెమరీ (640 కేబీ దాటిన ర్యామ్‌ని ముక్కలుగా అందించే పాత పద్ధతి) కావాలని పట్టుబడితే నోఈఎంఎస్ తీసి అక్కడ ర్యామ్ అని రాయండి, పైన ఖాళీ చోటు 64 కేబీ తగ్గుతుంది గానీ గేమ్ నడుస్తుంది.